దేహదార్ఢ్యమును డబ్బాలలోని బలమును

(తలిదండ్రుల సభలో గావించిన ఉపన్యాస పాఠము)



మన పిల్లల చదువును గూర్చియు, మన భాషను గూర్చియు మనము పలుమారు సభలు జరుపుకొనుచున్నాము. వారి దేహమును గూర్చి మాటలాడుకొనుట మాత్రము అరుదు. వ్యాయామము చేయు యువకులు విటమినుల మాత్రలను, మాంసకృత్తుల పొడులను సేవించుట మేలా, కీడా యను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యకర్తలు నన్ను కోరినారు. ఈ కోరిక సమయోచితమైనది. పూర్వము మన పెద్దలు గరిడీలలోను, తాలింఖానాలలోను సాధన చేసెడివారు. నేడు వాని స్థానమున జిమ్ములు వెలసినవి. రాయవేలూరిలో నేమి, గుడియాత్తములో నేమి, పదవ తరగతి దాటిన బాలుడు జిమ్మునకు పోవుట వింత కాదు. అది మంచిదే. అయితే పోయిన రెండు మూడు మాసములకే ఇంటికి వచ్చి, పెద్ద డబ్బా నొకదానిని కొనియిమ్మని యడుగుటయు వింత కాకున్నది. ఆ డబ్బా వెల వేల రూపాయలలో నుండును. లుంగీలు నేయు ఇంటను, అగ్గిపెట్టెల పనిచేయు ఇంటను అది చిన్న మొత్తము కాదు. కొనియీయకున్న బిడ్డ చిన్నబుచ్చుకొనును. కొనియిచ్చినచో మూత్రపిండములు చెడునని ఇరుగుపొరుగువారు భయపెట్టుదురు. ఈ రెంటి నడుమ నలుగు తలిదండ్రులకు, తమంతట తాము తీర్పు చెప్పుకొనుటకు వలసిన జ్ఞానమును కొంత యందించుటయే నా యుద్దేశము.

నేను చెప్పదలచిన ముఖ్యాంశము ఒక్కటే. డబ్బాలోని వస్తువు కొరతను పూరించును గాని, కొరత లేని చోట బలమును సృష్టింపజాలదు. కావున ఏ డబ్బా మంచిదను ప్రశ్నకు ముందు, మా బిడ్డకు ఏది కొరతగా నున్నదను ప్రశ్నను వేసికొనవలెను. తక్కిన ప్రసంగమంతయు దీనికి వ్యాఖ్యానమే.

విటమినుల చరిత్రమంతయు కొరతల చరిత్రమే. 19వ శతాబ్ది చివర జావా ద్వీపమున ఐక్మన్ అను డచ్చి వైద్యుడు, తెల్లగా పాలిషు పట్టిన బియ్యమును తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవుటయు, తవుడుతో కూడిన బియ్యమును పెట్టగా అవి కోలుకొనుటయు గమనించెను. మనుష్యులకు వచ్చు బెరిబెరి వ్యాధికిని మూలము ఇట్టి కొరతయే యని క్రమముగా తేలెను. 1912లో ఫంక్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి పదార్థములకు విటమినులను పేరు పెట్టెను. 1918లో నీలగిరులలోని కూనూరున మెక్కారిసన్ అను వైద్యుడు బెరిబెరిని గూర్చి పరిశోధనల నారంభించెను. ఆయన భారతదేశపు వివిధ ప్రాంతముల ఆహారములను వేరువేరుగా ఎలుకలకు పెట్టి చూచెను. గోధుమ రొట్టెలు, పాలు, పప్పులు, కూరగాయలు గల సిక్కుల ఆహారమున పెరిగిన ఎలుకలు మిక్కిలి పుష్టిగా నుండెను. తెల్ల బియ్యమే ప్రధానమైన మదరాసు ఆహారమున పెరిగినవి మిక్కిలి బలహీనముగా నుండెను. ఆ కూనూరు పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థ యను పేర వెలయుచున్నది.

ఈ చరిత్రమున మన తెలుగువా డొకడు ఉన్నత స్థానము నలంకరించియున్నాడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మదరాసు వైద్య కళాశాలలో చదివెను. యౌవనమున సంగ్రహణి వ్యాధిచే పీడింపబడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే కోలుకొనెను. పిదప అమెరికాకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కె అను ఆచార్యునితో కలిసి పనిచేసి, 1927లో కండరములందు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము కలదని ప్రకటించెను. బరువు నెత్తు క్షణమున కండరమునకు తత్క్షణ శక్తి నందించు నిధి యిదియే. నేడు జిమ్ములలో క్రియాటిన్ అను పేర చెలామణి యగుచున్న తెల్లని పొడి ఆ నిధిని నింపుట కుద్దేశింపబడినది. తరువాత లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు నాయకత్వమున పనిచేసిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారు చేసెను. తాను బాధపడిన సంగ్రహణి వంటి వ్యాధులకును, రక్తహీనతకును అది ఔషధమైనది. వారమునకు ఒకమారు బడిపిల్లల కిచ్చు నీలిరంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము కలదు. మీ కుమారుడు క్రియాటిన్ పేరెత్తినపుడు, మీ కుమార్తె ఆ నీలి మాత్రను తెచ్చినపుడు, సుబ్బారావు పేరు వారికి చెప్పుడు. మన భాషలో మన పిల్లలకు చెప్పదగిన కథలలో అది యొకటి.

ఈ కథలో ఒక నీతి యిమిడియున్నది. రక్తహీనత గల బాలికకు ఇనుప మాత్ర అమృతతుల్యము. ఆమె అలసట తీరును, ఆటలలో వేగము హెచ్చును. రక్తము సమృద్ధిగా గల బాలునికి అదే మాత్ర అదనపు బలము నీయదు. శుద్ధ శాకాహారులకు బి-12 విటమిను కొరతపడవచ్చును. ఎండ సమృద్ధిగా గల మన దేశమునను, ఇంటిలోపలనే కాలము గడుపువారికి డి విటమిను కొరత సామాన్యమై యున్నది. ఇట్టి కొరతలను రక్తపరీక్షచే వైద్యుడు గుర్తించి, తగిన మోతాదును నిర్ణయించును. పరీక్ష లేకయే పదిరకముల మాత్రలను మ్రింగుట గ్రుడ్డివాడు గురిచూచుట వంటిది.

విటమినులు ఎంత ఎక్కువైనను మంచిదే యను భ్రమ యొకటి కలదు. బి, సి విటమినులు నీట కరుగును. మిక్కిలిని మూత్రముతో పోవును. ఖరీదైన మాత్రలో చాల భాగము ఆ విధముగా కాలువ పాలగును. అట్లని అవియు పూర్తిగా నిరపాయములు కావు. బి-6 విటమినును పెద్ద మోతాదున చిరకాలము సేవించినచో నరములు దెబ్బతిని, కాళ్లు చేతులు తిమ్మిరెక్కును. సి విటమినును అమితముగా సేవించినచో కొందరికి మూత్రపిండములలో రాళ్లు ఏర్పడవచ్చును. ఏ, డి, ఇ, కె విటమినులు క్రొవ్వులో కరుగునవి. అందు ముఖ్యముగా ఏ, డి విటమినులు దేహమున నిలువయగును. ఏ విటమిను మితిమీరిన తలనొప్పి, వాంతులు, కాలేయమునకు హాని కలుగును. డి విటమిను మితిమీరిన రక్తమున కాల్షియము హెచ్చి మూత్రపిండములు చెడును. మునగాకు, పాలకూర తిని ఎవ్వడును ఈ విధముగా చెడలేదు. ఆహారమున మితము దానంతటదే కలదు. మాత్రలో ఆ మితమును మనము పాటింపవలెను.

ఇక మాంసకృత్తుల సంగతి. వీనినే ప్రోటీను లందురు. బరువు నెత్తినపుడు కండరపు పోగులు ఒత్తిడికి లోనగును. విశ్రాంతికాలమున, ముఖ్యముగా నిద్రలో, దేహము వానిని చక్కబెట్టి మునుపటికన్న గట్టిగా కట్టును. ఆ కట్టడమునకు ఇటుకలు మాంసకృత్తులు. మేస్త్రి వ్యాయామము. ఇటుకలు చాలకున్న గోడ లేవదు. మేస్త్రి లేక ఇటుకలను మాత్రము గుట్టగా పోసిన గోడ తనంతట లేచునా? మిగిలిన ఇటుకలను దేహము ఊరక నిలువ చేయదు. వానిని శక్తి కొరకు వినియోగించుకొనును, లేదా క్రొవ్వుగా మార్చును. అందలి నత్రజని యూరియా రూపమున మూత్రపిండముల గుండ బయటికి పోవును.

ఎన్ని ఇటుకలు కావలెను? భారత వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించిన ప్రకారము సామాన్యునికి దేహపు బరువులో కిలో ఒక్కింటికి దినమునకు 0.83 గ్రాము చాలును. అనగా 60 కిలోల యువకునికి సుమారు 50 గ్రాములు. శ్రద్ధగా బరువులెత్తు వానికి కొంత ఎక్కువ కావలెను. ఆ మండలియు జాతీయ పోషకాహార సంస్థయు 2024లో ప్రకటించిన ఆహార సూత్రములలో, కిలోకు 1.6 గ్రాములకు మించి తిన్నందువలన కండపుష్టికి అదనపు లాభము లేదని చెప్పబడినది. అనగా అదే యువకునికి పైమితి 96 గ్రాములు.

ఇది మన వంటయింట దొరకునా? లెక్క చూతము. బియ్యము, రాగులు, గోధుమలు కలిపి దినమునకు 350 గ్రాములు తినువానికి వానినుండి సుమారు 26 గ్రాముల మాంసకృత్తులు చేరును. పప్పుగా, సాంబారుగా, ఉలవచారుగా 75 గ్రాముల పప్పుధాన్యములు వాడిన 16 గ్రాములు. అర లీటరు పాలలో 16 గ్రాములు. ఒక గిన్నెడు, అనగా 200 గ్రాముల పెరుగులో 6 గ్రాములు. 50 గ్రాముల వేరుసెనగ పప్పులో 12 గ్రాములు. 50 గ్రాముల పుట్నాల పప్పులో 11 గ్రాములు. మొత్తము 87 గ్రాములు. గ్రుడ్లు తినువారు రెండు గ్రుడ్లు చేర్చుకొన్నచో 12 గ్రాములు హెచ్చి 99 గ్రాము లగును. మాంసము, చేపలు తిను ఇండ్లలో ఇది మరింత సులభము. బియ్యములో లైసిన్ అను అంశము తక్కువ. పప్పులో అది సమృద్ధి. పప్పన్నము తినుమన్న మన అవ్వలకు ఆ పేరు తెలియకపోవచ్చును గాని, ఆ ఫలితము తెలియును.

అయితే మన యిండ్లలో జరుగుచున్నదేమి? ఉదయము నాలుగు ఇడ్డెనలు, మధ్యాహ్నము పళ్లెము నిండ అన్నముపై పలుచని సాంబారు, రాత్రి మరల దోసెలు. పప్పు గరిటెడే, పాలు కాఫీలో కలిసినంతే. ఇట్టి ఆహారముతో జిమ్మునకు పోవు బాలునికి మాంసకృత్తుల కొరత నిజముగానే కలదు. అతడు డబ్బా నడుగుటలో అర్థము లేకపోలేదు. అతనిని గద్దించుటకు ముందు అతని పళ్లెమును చూడుడు. ఆ కొరతను తీర్చవలసిన మొదటి స్థలము వంటయిల్లు.

ఇంతకు ఆ పొడిలో నున్నదేమి? పాలు విరిచినపుడు పనీరును తీసివేయగా మిగులు తేటనీరు కలదు గదా! ఆ తేటనుండి తీసి ఎండబెట్టినదే వే ప్రోటీను. అది విషము కాదు, మంత్రభస్మమును కాదు. పాలలోని ఒక భాగము. సులభముగా జీర్ణమగును, కండనిర్మాణమునకు వలసిన అంశములు అందు సమృద్ధిగా కలవు. ఉదయమే పనికి పోయి భోజనమునకు తీరిక దొరకనివారికి, కఠిన శిక్షణలో నున్న క్రీడాకారులకు, రోగమునుండి కోలుకొనుచు అన్నము సహింపనివారికి అది యుపయోగపడును. దీర్ఘకాలము వ్యాయామముతో కలిపి సేవించిన ఆరోగ్యవంతులకు బలమును, కండయు స్వల్పముగా హెచ్చునని పరిశోధనలు తెల్పుచున్నవి. స్వల్పముగా అను మాటను మరువకుడు. వ్యాయామము వలన కలుగు లాభము పెద్దది. పొడి దానిపై చేర్చునది కొంచెము.

మూత్రపిండములు చెడునను భయమునందు సగము సత్యము కలదు. ఆరోగ్యవంతుడైన యువకుడు పైన చెప్పిన మితిలో మాంసకృత్తులను తిన్నందువలన ఆతని మూత్రపిండములు చెడునని ఋజువు కాలేదు. కాని మూత్రపిండములకు ఇంతకుమునుపే దోషమున్నవానికి అది నిశ్చయముగా హానికరము. దోషము చాలకాలము బయటపడక దాగియుండుటయు కలదు. చక్కెర వ్యాధి, రక్తపు పోటు, మూత్రపిండములలో రాళ్లు వంశమునందున్న ఇండ్లలో, పొడిని మొదలుపెట్టుటకు ముందు రక్తమును, మూత్రమును పరీక్ష చేయించుట యుక్తము. పెద్ద మోతాదులలో చిరకాలము వాడుట వలన ఎముకలకును, మూత్రపిండములకును హాని కలుగవచ్చునని 2024 నాటి ఆహార సూత్రములు హెచ్చరించి, కండపుష్టి కొరకు ఈ పొడులను వాడవలదని సలహా యిచ్చినవి. క్రియాటిన్ విషయమున, ఆరోగ్యవంతులైన పెద్దలకు దినమునకు 3 నుండి 5 గ్రాములు నిరపాయమని చాల పరిశోధనలు చూపినవి. అది రక్తపరీక్షలో క్రియాటినిన్ అంకెను కొంత పెంచును గనుక, వాడుచున్న సంగతిని వైద్యునికి ముందుగా తెలుపవలెను. పదునెనిమిది నిండని బాలురకు మాత్రము వైద్యుని యనుమతి లేక ఏ పొడియు వలదని నా గట్టి యభిప్రాయము.

పొడికిని, ప్రకటనకును గల చెలిమి నేటిది కాదు. ప్రపంచప్రసిద్ధుడైన యూజెన్ సాండో 20వ శతాబ్ది తొలినాళ్లలో ప్లాస్మాన్ అను పాలపొడికి ప్రచారము చేసెను. ఆతడు 1904-05 ప్రాంతమున మన దేశమునను ప్రదర్శనము లిచ్చెను. ఆతని పేరు నేటికిని మన అంగళ్లలో సాండో బనియను రూపమున నిలిచియున్నది. కాని సాండో కండలను ప్లాస్మాన్ పెంచలేదు. పెరిగిన కండలే ప్లాస్మానును అమ్మిపెట్టినవి. నేటి ప్రకటనలలో డబ్బా పట్టుకొని నిలుచు వీరులను చూచునపుడు ఈ మాటను పిల్లలకు జ్ఞాపకము చేయుడు.

మన కోడి రామమూర్తి నాయుడును తలచుకొందము. వీరఘట్టమున పుట్టి, సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడై, పిదప సర్కసు నడపి, కలియుగ భీముడను ఖ్యాతి గాంచి 1942లో కీర్తిశేషుడైన ఆయన శాకాహారి యని ప్రసిద్ధి. నేడు మనము చూచు డబ్బాలు ఆ కాలమున లేవు. శ్రీకాకుళము జిల్లానుండి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో కాంస్య పతకము పొందినది. మన దేశపు స్త్రీలలో ఒలింపిక్సు పతకము నందినవారిలో ఆమె మొదటిది. దూరము పోనేల? మన వేలూరు సత్తువాచ్చారికి చెందిన సతీష్ శివలింగం 2014లో గ్లాస్గోలోను, 2018లో గోల్డుకోస్టులోను కామన్వెల్తు క్రీడలలో 77 కిలోల తరగతిలో స్వర్ణపతకములు గెలిచెను. ఆయన తండ్రియు బరువులెత్తు సాధన చేసినవారే. ఒక తరమునుండి మరియొక తరమునకు వచ్చిన అట్టి సాధనను మూడు మాసములలో ఏ డబ్బా ఈయగలదు?

ఇంతవరకు నేను చెప్పినది డబ్బాలో వ్రాసినదే డబ్బాలో నున్నచోటి మాట. అసలు భయము వేరొకటి. 2024 ఏప్రిలులో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, మన దేశమున అమ్మబడు 36 రకముల మాంసకృత్తుల పొడులను పరీక్షింపగా, సుమారు 70 శాతము పొడులలో చీటీపై వ్రాసిన అంకెకును, లోపలి వస్తువునకును పొంతన లేకుండెను. 14 శాతమున బూజు విషములును, 8 శాతమున పురుగుమందుల శేషములును కనబడెను. మాంసకృత్తులను సాధారణముగా నత్రజనిని కొలిచి లెక్కింతురు. నత్రజని గల చవుక వస్తువును కలిపినచో పరీక్షకు మోసము జరుగును. 2008లో చైనా దేశమున పాలలో మెలమిన్ అను రసాయనమును ఈ విధముగా కలుపగా సుమారు మూడు లక్షలమంది పసిపిల్లలు జబ్బుపడిరి, ఆరుగురు మరణించిరి. చవుకగా బరువును పెంచునని చెప్పు మాస్ గెయినరులలో పెక్కింట అధిక భాగము చక్కెరల వంటి పిండిపదార్థమే. ఆ పని బెల్లపు పాయసము చేయగలదు.

అన్నిటికన్న ఘోరమైనది స్టెరాయిడులు. ఇవి పోషకములు కావు. పురుష హార్మోనును పోలిన మందులు. కొన్ని పొడులలో చాటుగా కలుపబడి యుండును. కొన్నిచోట్ల మాత్రలుగా, సూదిమందులుగా బాలుర కీయబడుచున్నవి. వీనివలన కండ త్వరగా పెరుగుట నిజమే. అందుకే యవి ప్రమాదకరములు. కాలేయము, గుండె చెడును, వృషణములు కుంచించుకొనిపోవును, బాలురకు రొమ్ములు పెరుగవచ్చును, ఎదుగు వయసున ఎముకల పెరుగుదల ముందుగనే ఆగిపోవును. కొద్ది వారములలో బరువు అసాధారణముగా పెరిగినను, ముఖమున, వీపున మొటిమలు దట్టముగా లేచినను, శాంతుడైన బాలుడు చీటికి మాటికి కోపించినను తలిదండ్రులు జాగరూకులు కావలెను. తిట్టవలదు, తీసికొని వైద్యునియొద్దకు పోవలెను. హఠాత్తుగా మానుటయు చిక్కు తెచ్చును గనుక వైద్యుని పర్యవేక్షణ అవసరము. క్రీడాకారుడగు బిడ్డకు మరియొక యాపద కలదు. నిషిద్ధ వస్తువు దేహమున కనబడినచో, తనకు తెలియక పొడితో లోపలికి పోయినదన్నను బాధ్యత యాతనిదే. పదేండ్ల సాధన ఒక్క గరిటెడు పొడితో మట్టిపాలగును.

ఇక చేయదగిన పనులు. ఎట్లైనను కొనవలసివచ్చినచో రసీదు నిచ్చు అంగడిలోనే కొనవలెను. విడిపొడిని, ముద్ర చెదరిన డబ్బాను కొనరాదు. ఆహార భద్రతా సంస్థవారి 14 అంకెల లైసెన్సు సంఖ్యను చూడవలెను. ఒక మోతాదు ఎన్ని గ్రాములు, అందు మాంసకృత్తు లెన్ని, చక్కెర యెంత యని లెక్కింపవలెను. 30 గ్రాముల మోతాదున 24 గ్రాములున్న పొడికిని, 100 గ్రాముల మోతాదున 15 గ్రాములున్న పొడికిని భేద మెంతయో గమనింపుడు. వెంటనే ఫలితము, అద్భుత ఫలితము అని వ్రాసిన దానిని అక్కడనే వదలి రావలెను.

ఈ చీటీలన్నియు సాధారణముగా ఆంగ్లమున నుండును. మన యిండ్లలో తల్లి తెలుగు చదువును, వీథిలో అరవము మాటలాడును. ఆ చిన్న ఆంగ్లాక్షరములు ఆమెకు కొరుకుడుపడవు. కావున ఒక విన్నపము. ఉపాధ్యాయులు లెక్కల తరగతిలో నొక దినము ఇట్టి చీటీని తెచ్చి, పిల్లలచే తెలుగున చదివించి, శాతములు కట్టింపవలెను. ఆ సాయంకాలము పిల్లవాడు దానిని తల్లికి చదివి వినిపింపవలెను. లెక్కయు వచ్చును, భాషయు నిలుచును, వేల రూపాయలును మిగులును.

తలిదండ్రులారా! కండను కోరు బిడ్డ చెడ్డబిడ్డ కాడు. తన దేహమును తాను తీర్చిదిద్దుకొనవలెనను కోరిక గౌరవింపదగినది. దానిని వలదనకుడు, దానికి దారి చూపుడు. పళ్లెమున పప్పును పెంచుడు, పాలను పెంచుడు, రాత్రి పొద్దుపోవువరకు ఫోను చూడనీయక ఎనిమిది గంటలు నిద్రపోనిండు. ఆ మూడును జరిగిన పిమ్మటను కొరత మిగిలినచో, వైద్యుని యడిగి డబ్బా సంగతి చూచుకొనవచ్చును. చాల ఇండ్లలో ఆ యవసరము రాదని నా విశ్వాసము.